దగ్గరెక్కుడు, జల్దెక్కుడు

పోయిన నెల బావ అస్థికలను ధర్మపురి దగ్గర గోదావరిలో కలిపి తిరిగి వస్తున్నాం. కారు నడుపుతున్నది బావ మనవరాలు. చొప్పదండి దాకా వచ్చాం. ఆ అమ్మాయి విమానం నడపడం నేర్చుకుంటోంది. త్వరలో ఏదో పరీక్ష ఉందట. మనిషి పోయిన ఇంట్లో వాళ్లు పోయిన మనిషి గురించి మాట్లాడలేక వేరే సంగతి ఎత్తుకుంటారు. ఆమె కూడా అలాగే ఎత్తుకుంది. "చిన్న తాతా, పైకెక్కుడుకు రెండు స్పీడులు ఎందుకు? జల్ది ఎక్కేది ఒకటి చెప్తె సరిపోదా? తాతను అడుగుదామనుకున్న. రేపు మాపు అనుకుంట అడగలే." ఆమె అడిగినదానికి నా దగ్గర జవాబు ఉంది. అది నాకు చెప్పింది వాళ్ల తాతే. చెప్పిన మరునాడే, మా ముగ్గురి ప్రాణాల మీద దాన్ని చేసి చూపించాల్సి వచ్చింది. కరీంనగర్ చేరేలోపు ఆమెకు చెప్పగలిగినంత చెప్పాను. కారులో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

మాది ఆదిలాబాదు. పత్తి చేలు, ఊరి బయట జిన్నింగు మిల్లులు, ఎండాకాలంలో బయటికి అడుగు పెట్టనివ్వని ఎండ. మా అక్కను చొప్పదండి దగ్గర భూములున్న ఇంటికి ఇచ్చారు. బావను వాళ్ల నాన్న వకీలు చదువు కోసం హైదరాబాదు పంపితే, ఆయన సగంలో దాన్ని వదిలేసి విమానాల క్లబ్బులో చేరాడు. అక్కడే నేర్చుకున్నాడు, కొన్నాళ్లకు అక్కడే నేర్పేవాడయ్యాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి కొన్నేళ్లే. అల్లుడేం చేస్తాడని ఎవరైనా అడిగితే మా బాపు "గాలి మోటరు నడుపుడు నేర్పుతడు" అని చెప్పి, వాళ్లు నవ్వకముందే తాను నవ్వేవాడు. డిగ్రీ అయ్యాక నేనూ అదే క్లబ్బులో విద్యార్థిగా చేరాను. బావమరిదినని నాకు దక్కిన మర్యాద ఏమీ లేదు. మిగతా పిల్లలకు ఒక తిట్టు పడితే నాకు రెండు పడేవి. "పిల్లనిచ్చిండ్రు, మంచిగనే ఉన్నది. దానెంబడి గీ నమూనాను గూడ అంటగట్టిండ్రు" అని అందరి ముందూ అనేవాడు. నేను చెడ్డగా దిగినప్పుడల్లా విమానం చక్రాలను తడిమి, వాటితో క్షమించమని చెప్పేవాడు.

ఆ ఎండాకాలం మా చెల్లెలి పెళ్లికి అక్క ముందే ఆదిలాబాదు వచ్చింది. పెళ్లయ్యాక కూడా అక్కడే ఉంది. నా శిక్షణలో దూరపు ఊరికి పోయి రావడం ఒక భాగం. బావ ఆ దూరపు ఊరిగా ఆదిలాబాదును ఎంచాడు. నిజాం కాలంలో చదును చేసిన మైదానం ఒకటి ఊరి బయట ఉండేది. పశువులు మేయడానికి తప్ప అది వేరే దేనికీ పనికొచ్చేది కాదు. నాలుగు సీట్ల చిన్న విమానంలో మేమిద్దరం వెళ్లి దిగాం. మరునాడు అక్కను వెంటబెట్టుకొని తిరిగి పోవాలి. క్లబ్బులో అడిగి, ఒప్పించుకునే వచ్చాడు.

ఆ సాయంత్రం బావ ఒక్కడే మైదానమంతా నడిచి వచ్చాడు. వచ్చి మంచం మీద కూర్చుని, "నేల పొట్టిగున్నది. అవతలి కొసకు ఇప్పచెట్లున్నయి. రేపు నువ్వు గాదు, నేను లేపుత" అన్నాడు. ఆ తర్వాత, ఆ చెట్లను ఎలా దాటాలో చెప్పమని నన్ను అడిగాడు. "జల్ది ఎక్కాలె" అన్నాను. ఆయన మొహం మారింది.

"జల్ది అంటే ఏంది? దూరంలనా, సేపట్లనా?"

నాకు అర్థం కాలేదు. పుస్తకంలో రెండు వేగాలకు రెండు అంకెలు ఉన్నాయి, తక్కువది గంటకు అరవై అయిదు మైళ్లు, ఎక్కువది డెబ్బై అయిదు. ఆ రెండూ నాకు కంఠతా వచ్చు. కానీ రెండూ తొందరగా ఎక్కడానికే కదా అని నా మనసులో ఉంది. బావ చెప్పులతో నేల మీద గీత గీశాడు. "మేక కట్ట మీదికి నిట్టనిలువుగ ఎక్కుతది. మెల్లగనే ఎక్కుతది, కని ఉన్న జాగల్నే ఎక్కుతది. గుర్రం బాట పట్టుకొని ఉరుకుతది. జర సేపాగి చూడు, గుర్రమే పైన ఉంటది. కని గా పాటికి అది ఎంతో దూరం పోయుంటది. నీ ముందట చెట్లున్నయనుకో, గుర్రం చెట్లకు కొట్టుకుంటది. గప్పుడు మేకనే కావాలె. చెట్లు దాటినంక మేకతోటి పని లేదు, గుర్రం కావాలె. మేకది దగ్గరెక్కుడు, అరవై అయిదు. గుర్రానిది జల్దెక్కుడు, డెబ్బై అయిదు. రెంటికీ ఒక్కటే పేరు పెట్టినవు సూడు, గా జల్ది అనే మాటనే మందిని చంపుతది."

"మరి మేకకన్న తక్కువ స్పీడుల పోతే ఇంక దగ్గర్లనే ఎక్కుతది గద బావా?"

"ఎక్కది. అందరు మోసపోయేది గాడనే. మేకను మెడ పట్టి ఇంక మీదికి గుంజితె ఏమైతది? ఎల్లెల్కల పడ్తది. విమానం ముక్కు మీదికే సూస్తుంటది, విమానం కిందికి దిగుతుంటది. చెట్లు దగ్గరికొస్తుంటె చెయ్యి దానంతట అదే గుంజుతది, బామ్మర్దీ. నేర్చుకునేది ఎక్కుడు గాదు. గుంజకుంట ఉండుడు."

తెల్లవారుజామున, గాలి చల్లగా ఉన్నప్పుడే బయలుదేరాలని ఆయన ఆలోచన. అది సాగలేదు. ఆడబిడ్డ పుట్టింటి నుంచి పోయేటప్పుడు ఒడి నింపాలి. బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పసుపుకొమ్ములు, ఖర్జూరాలు, రవికె గుడ్డ. పొద్దున వర్జ్యం ఉందనీ, మధ్యాహ్నానికి గానీ ఒడి నింపడం కుదరదనీ మా అవ్వ, అంటే మా అమ్మ, చెప్పింది. చెప్పింది బావతో కాదు, నాతో. ఆ రోజుల్లో మా ఇళ్లలో అత్త అల్లుడితో నేరుగా మాట్లాడేది కాదు. దర్వాజ చాటున నిలబడి, కొంగు సర్దుకొని, మధ్యలో ఒకరిని పెట్టుకొని మాట్లాడేది. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి స్పష్టంగానే వినబడుతుంది. అయినా ప్రతి మాటా మధ్య మనిషి మీదుగానే పోవాలి. ఆ రోజు ఆ మనిషిని నేను.

"మీ బావకు చెప్పు బిడ్డా, ఒడి నింపకుంట ఆడబిడ్డ గడప దాటది."

"మీ అవ్వకు చెప్పు, ఎండెక్కితె గాలి పలచనైతది. విమానానికి బలం సాలది."

"గాలి పలచనైతదట! అదేమన్న పాలా, పలచనైతానికి?"

బావ నవ్వాడు. నవ్వినవాడు ఓడిపోయినట్టే. అయితే ఊరికే ఓడలేదు. పడసాలలో బాపు పత్తి తూచే పెద్ద తరాజు ఉండేది. దాని మీద ముందు నన్ను, తర్వాత తనను, తర్వాత అక్కను తూయించాడు. అక్క తరాజు పళ్లెంలో కూర్చుని సిగ్గుతో మొహం కప్పుకుంది. "మీ బావ నన్ను పత్తి లెక్కన అమ్ముతడేమో అడుగు తమ్మీ" అంది. అక్క ట్రంకు పెట్టెను తూచి, అది వద్దు, బస్సులో పంపండన్నాడు. కాగితం మీద ఎండ, నేల పొడుగు, మనుషుల బరువు అన్నీ వేసుకున్నాడు. ఇక మిగిలింది ఒడిబియ్యం మూట.

"గా మూటను గూడ తరాజుల పెట్టమను" అన్నాడు.

అవ్వ చెవులు మూసుకుంది. "ఒడిల పోసింది తూస్తరా ఎవలన్న? గట్లాంటి మాట నోట రావద్దని చెప్పు."

"పోనీ, ఎంతుంటదో అడుగు."

"ఒడిబియ్యమే అని చెప్పు. ఎప్పుడు పోసేదే."

నేను ఆ మాటే అటు నుంచి ఇటు అందించాను. మామూలుగా పోసే బియ్యానికి ఎంతవుతుందో అంత వేసి, దాన్ని రెట్టింపు చేసుకున్నాడు బావ. లెక్క కుదిరింది. చెట్ల మీద ఇంకా చాలా ఎత్తు మిగులుతుందని నాకు చూపించాడు. ఆ లెక్కలో తప్పు లేదు. మాకు తెలియనిది ఒక్కటే. పెట్టె బస్సులో పోతుందని విన్నాక అవ్వ లోపలికి వెళ్లి, పెట్టెలోంచి నెయ్యి డబ్బా, బెల్లం ముద్దలు, మామిడి తొక్కు జాడీ తీసి ఒడిబియ్యం మూటలో పెట్టింది. పప్పులు ఇసురుకునే చిన్న ఇసుర్రాయి కావాలని అక్క ఎన్నాళ్ల నుంచో అడుగుతోంది. అదీ అందులోనే పెట్టింది. పెట్టెను అల్లుడు వద్దనగలడు. ఒడిలో పోసినదాన్ని ఎవరూ వద్దనలేరు. అందుకని ఏది పెట్టదలచుకున్నా అవ్వకు దాన్ని మించిన చోటు లేదు. "మీ ఆయనకు చెప్పకు, ఊకె పరేషానయితడు" అని అక్కతో అందట. ఇద్దరు మనుషులు మూటను మోసుకుపోయి వెనక సీటు పక్కన పెట్టే వేళకు బావ ఇంజను దగ్గర తల దూర్చి ఉన్నాడు. మనుషులను మోసే యంత్రానికి ఒక ఇసుర్రాయి బరువా అని అక్క అనుకుంది. అప్పటి వరకు ఆమె విమానం ఎక్కలేదు.

మైదానానికి మేం చేరేసరికి ఎండ నెత్తిన ఉంది. ఊళ్లో సగం జనం వచ్చారు. పశువులను తోలేశారు. బావ మా బాపు తలకు చుట్టుకున్న తెల్ల రుమాలు అడిగి తీసుకొని, నేల సగం దాటిన చోట పరిచి నాలుగు మూలలా రాళ్లు పెట్టాడు. "గిది దాటేలోపల చక్రాలు లేవాలె. లేవకుంటె ఆపేస్త. సిగ్గేం లేదు, పొద్దుగూకేదాక చెట్టు కింద కూసుందాం" అన్నాడు. ఎదురుగాలి కొద్దిగా ఉంది. అది మంచిదే. నేను ఆయన పక్క సీట్లో కూర్చున్నాను. నా ముందు కూడా ఒక పిడి ఉంది, రెండూ ఒకేసారి కదులుతాయి. "నువ్వు బయటికి సూడకు. స్పీడు ముల్లు సదువు. గట్టిగ సదువు, ఆపకు" అన్నాడు.

బ్రేకులు పట్టి ఇంజను పూర్తిగా తెరిచాడు. విమానం అదిరింది. వదిలాడు. కదిలిన తీరులోనే ఏదో తేడా ఉంది. నాకు అది తెలిసింది, కానీ ఏమిటో తెలియలేదు. ముప్పై అన్నాను. నలభై దగ్గర ముల్లు బద్ధకంగా ఆగి ఆగి జరిగింది. నేల గతుకులు వీపుకు తగులుతూనే ఉన్నాయి. రుమాలు కంటి కొసన తెల్లగా కనబడింది. అది ముక్కు కిందికి రాబోతుండగా గతుకులు ఆగిపోయాయి. చక్రాలు లేచాయి. రుమాలుకు ఇటు పక్కనే లేచాయి. కాబట్టి బావ ఆపలేదు. ఆయన పెట్టుకున్న హద్దు ప్రకారం ఆపనక్కర లేదు కూడా. కానీ ఆయన లెక్కలో మేం ఆ రుమాలుకు చాలా ముందే నేలను వదలాల్సింది. నేల అయిపోవస్తోంది. ఇప్పుడు దిగినా ఆగేంత చోటు లేదు.

"సదువు" అన్నాడు.

"అరవై. అరవై ఒకటి."

చూడకూడదనుకున్నా చెట్లు కంటి పై అంచులో పెరుగుతున్నాయి. పచ్చటి గోడలాగా ఏమీ లేవు. ఒక్కొక్క చెట్టుగా విడివిడిగా, కొమ్మ కొమ్మగా కనబడుతున్నాయి, అదే భయంగా ఉంది. విమానం ముక్కు వాటి కొనల కిందే ఉంది. వెనక అక్క ముందు ప్రార్థన మొదలుపెట్టింది, తర్వాత అది అరుపయింది. "లేపుండ్రి! జర లేపుండ్రి! చెట్లు!" పిడి నా మోకాళ్ల ముందే ఉంది. నా ఒళ్లంతా దాన్ని వెనక్కి లాగమని చెబుతోంది. నిన్న సాయంత్రం విన్న ప్రతి మాటా గుర్తుంది. ఒళ్లు ఒక్కదాన్నీ నమ్మడం లేదు. ఆ సమయంలో బావ పిడిని ముందుకు నెట్టాడు. వెంట్రుకంత. ముక్కు చెట్ల వైపు దిగింది.

"సదువురా!"

"అరవై రెండు. అరవై మూడు. అరవై మూడే ఉంది బావా. అరవై నాలుగు."

అరవై అయిదు అన్న మాట నా నోట్లోంచి వచ్చినప్పుడు ఆయన ముక్కును ఎంత దించాడో అంత లేపాడు. అంతకంటే లేపలేదు. అక్కడే పట్టి ఉంచాడు. చెట్లు ఇంకా మా కంటే ఎత్తుగానే ఉన్నాయి. ఆయన చేతి నరాలు ఉబ్బి ఉన్నాయి, చెయ్యి మాత్రం కదలలేదు. ఎక్కుతున్నామో లేదో నాకు తెలియలేదు. ముల్లు మీద అరవై అయిదు, మళ్లీ అరవై అయిదు. ఆ తర్వాత చెట్ల కొనలు కిందికి జారడం మొదలైంది, చాలా మెల్లగా. ఒక ఇప్పచెట్టు కొసన కాకిగూడు. దాని లోపల పరిచిన పీచు కూడా నాకు కనబడింది. చక్రాల కిందనుంచి కాకులు లేచి అరిచాయి. అంతే. దాని వెనక చేను, చేను వెనక ఆకాశం.

బావ అప్పుడు ముక్కును మళ్లీ దించాడు. "గిప్పుడెందుకు దించుతున్నరు!" అని అక్క ఏడుపు గొంతుతో అంది. "గిప్పుడు గుర్రం" అన్నాడు, ఎవరితోనో. ముల్లు డెబ్బై అయిదుకు పోయింది. నేల ఈసారి తొందరగా దూరమైంది. తర్వాత వెనకనుంచి అక్క నా భుజం తట్టింది. భర్త అరచేయంత దూరంలో ఉన్నాడు. అయినా నాతోనే అంది, "తమ్మీ, మీ బావకు చెప్పు. మూటల ఇసుర్రాయి ఉన్నది."

బావ తల తిప్పలేదు. "ఒక రాయా, రెండు రాళ్లా అడుగు."

"రెండు. ఒక్క రాయితోని ఎట్ల ఇసురుతరు?" అంది అక్క.

నేను నవ్వాపుకోలేకపోయాను. ఆయన నవ్వలేదు. గోదావరి దాటేటప్పుడు మాత్రం, "నెయ్యి గూడ ఉన్నదా?" అని అడిగాడు. ఉందని అక్క చెప్పింది. "మంచిదే" అన్నాడు. హైదరాబాదులో దిగాక మూటను తానే ఎత్తబోయాడు. ఒకసారి ఎత్తి, కింద పెట్టి, దాన్ని చూస్తూ నిలబడ్డాడు. మా అవ్వను ఒక్క మాట అనలేదు, ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు. ఆ వారం నుంచి క్లబ్బులో ఎవరు ఏ మూట తెచ్చినా, అది దేవుడి ప్రసాదమైనా సరే, విప్పించి తూయించే విమానం ఎక్కించాడని మాత్రం తెలుసు.

ఒడిబియ్యం వండి అయినవాళ్లకు పెట్టాలి. ఆ సాయంత్రం అక్క ఆ బియ్యమే వండింది. అయినవాడిని నేనొక్కడినే. పీటలు వేసింది, నెయ్యి తెచ్చింది. బావ చాలా మామూలుగా ఉన్నాడు. నేను అన్నం కలుపుకుంటూ, నన్నెందుకు ముల్లు చదవమన్నావని అడిగాను. నాకంటే ఆయనకే అది ఎదురుగా కనబడుతుంది కదా. "నాకు నీ సదువేం అక్కర లేకుండె. నీ చేతులకు పని లేకుంటె అవి పని దేవులాడుకుంటయి. నోటికి పని పెడితె చేతులు ఊకుంటయి" అన్నాడు. భయమైందా బావా అని అడిగాను. "గాడ తీరిక దొరకలే" అని నవ్వి, అన్నంలో చెయ్యి పెట్టాడు. ముద్ద చేశాడు. ముద్ద పళ్లెంలోనే రాలిపోయింది. మళ్లీ చేశాడు. వేళ్లు వణుకుతున్నాయి. మణికట్టును ఎడమ చేత్తో పట్టుకున్నాడు. ఆ చెయ్యి కూడా వణికింది. "అగో, గిప్పుడొచ్చింది" అన్నాడు, ఎవరో చుట్టం వచ్చినట్టు. అక్క నెయ్యి గిన్నె కింద పెట్టి ఆయన పక్కన నేల మీద కూర్చుంది. అన్నం చల్లారేదాకా ముగ్గురం అలాగే కూర్చున్నాం.

అక్క పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు బావ పోయాడు. ఆస్పత్రిలో డాక్టరు మాట విన్నది నేను. బంధువులందరికీ ఫోన్లు చేసింది నేను. వచ్చినవాళ్లకు మంచినీళ్లు అందాయో లేదో, కుర్చీలు చాలాయో లేదో చూసింది నేను. ఈ నెల రోజులుగా నా గొంతు మారలేదనీ, ఈ వయసులో నేను చాలా నిబ్బరంగా ఉన్నాననీ అందరూ అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. ఈ ఉదయం, ఇది రాయడానికి కూర్చున్నాక, కాకిగూడు దగ్గరికి వచ్చేసరికి కలం పట్టుకున్న వేళ్లు మాట వినడం మానేశాయి. కలం పక్కన పెట్టి మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. ఒక సంగతి జరిగే కాలం వేరు, అది జరిగిందని మనిషికి తెలిసే కాలం వేరు. ఆ రెండోది వచ్చేదాకా మనం నిబ్బరంగా ఉన్నామనే అనుకుంటాం.